జామాయిల్ కొమ్మలు కొట్టే ముందు, కర్ర ఎవరికి అమ్ముతారో చెప్పండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జామాయిల్ (యూకలిప్టస్) తోటల గురించే. వానలు తెరిపిచ్చి, కూలీలు దొరికే రోజులు కదా, అందరి దృష్టీ కొమ్మల మీద పడింది. వాటిలో నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి విపులంగా రాయక తప్పదు. అందులో ఉన్న నమ్మకం చాలా ఊళ్లలో వేళ్లూనుకుని ఉంది, దానివల్ల పోయే డబ్బు రైతు కంటికి కనిపించకుండా పోతోంది.

ప్రశ్న: అయ్యా, మాది సత్తుపల్లి దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల్లో క్లోన్ జామాయిల్ (మేలైన చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) వేశాను. వరుసకూ వరుసకూ మధ్య 3 మీటర్లు, మొక్కకూ మొక్కకూ మధ్య మీటరున్నర. తోటకు 14 నెలలు. పక్క పొలం ఆయన కూలీలను పెట్టి తన తోటలో ప్రతి చెట్టుకూ మూడింట రెండు వంతుల కొమ్మలు కొట్టించి, తల మీద కుచ్చు మాత్రం వదిలాడు. కొమ్మలకు పోయే బలం మానుకు పడుతుందని, చెట్టు ఎత్తూ లావూ పెరుగుతుందని అంటున్నాడు. నన్నూ కొట్టించమంటున్నాడు. నాలుగో ఏట కర్ర కాగితం మిల్లుకు అమ్మాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందేసరికి కూలీలు మీ తోటలోకి దిగి ఉండకూడదని కోరుకుంటున్నాను. కొట్టించకండి. మీ పక్క రైతు చెడ్డ మాట చెప్పలేదు, తనకు తెలిసింది చెప్పాడు. కానీ ఆ మాటలో లెక్క తలకిందులుగా ఉంది.

మానుకు బలం వచ్చేది ఆకు నుంచి. వేరు తెచ్చిన నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎండతో కలిపి చక్కెరగా మార్చేది ఆకే. ఆ చక్కెరే కొత్త ఆకు అవుతుంది, వేరు అవుతుంది, చివరకు కర్ర అవుతుంది. ఇంట్లో సంపాదించే నలుగురిలో ముగ్గురిని బయటికి పంపి, మిగిలిన ఒక్కడి మీద ఇల్లు గడుస్తుందనుకుంటే ఎలా ఉంటుందో, ఆకు నిండిన కొమ్మను కొట్టేసి మాను బలుస్తుందనుకోవడం అలాగే ఉంటుంది.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. అన్ని ఆకులూ ఒకే పని చేయవు. జామాయిల్ ఎండను కోరే చెట్టు. తోటలో కొమ్మలు ఒకదానితో ఒకటి కలుసుకుని పైన పందిరి కట్టాక, అడుగు కొమ్మల మీద ఎండ పడదు. అలా నీడలో చిక్కుకున్న ఆకు చెట్టుకు చేర్చిపెట్టేది బహు కొద్ది. అందుకే అడుగు కొమ్మలు కొన్ని తీసినా చెట్టుకు నష్టం కనిపించదు. 'మేం కొట్టించాం, ఏమీ కాలేదు' అని కొందరు రైతులు చెప్పడానికి కారణం ఇదే. వాళ్ల అనుభవం నిజమే. కాకపోతే ఏమీ కాకపోవడం వేరు, లాభం రావడం వేరు. ఏమీ కానిదానికి కూలి ఎందుకు ఇవ్వాలి?

ఈ విషయాన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపంలో యూకలిప్టస్ నైటెన్స్ అనే జాతిని కోత కలప (పలకలుగా కోసే కలప) కోసం పెంచుతారు. కొమ్మలు కలుసుకునే దశలో ఉన్న తోటల్లో, పచ్చని కొమ్మలున్న భాగం పొడవును లెక్కగట్టి, కొన్ని చెట్లకు అందులో కింది సగం తీశారు, కొన్నిటికి 70 శాతం తీశారు, కొన్నిటిని అసలు ముట్టుకోలేదు. సగం తీసిన చెట్లు ముట్టుకోని చెట్లతో దాదాపు సమానంగానే పెరిగాయి. 70 శాతం తీసినవి ఎత్తులోనూ లావులోనూ వెనకబడ్డాయి. సగం తీసినప్పుడు చెట్టు ఎలా తట్టుకుందంటే, మిగిలిన ఆకులు మునుపటికంటే ఎక్కువ పని చేశాయి. తలలో కొత్త ఆకు త్వరగా వచ్చింది, ఉన్న ఆకు ఎక్కువ కాలం నిలిచింది. ఆ ఓర్పుకు ఒక హద్దు ఉంది. మూడింట రెండు వంతులు కొట్టించిన మీ పక్క రైతు ఆ హద్దు దగ్గరకు వచ్చేశాడు. సగం తీసిన చెట్లు కూడా ముట్టుకోనివాటిని దాటిపోలేదన్న సంగతి గమనించండి. కొమ్మలు తీయడం వల్ల కర్ర పెరగదు. బాగా చేస్తే తగ్గకుండా ఉంటుంది, అంతే.

మరి ఆయన తోట చూస్తే చెట్లు పొడుగ్గా కనిపిస్తున్నాయే అంటారు. అడుగు నుంచి కొమ్మలు లేని మాను కంటికి పొడుగ్గానే కనిపిస్తుంది. పైగా ఆకు తగ్గినప్పుడు చెట్టు ముందు తలను కాపాడుకుంటుంది. ఎండ కోసం పక్క చెట్టుతో పోటీపడాలి కాబట్టి, ఉన్న చక్కెరను ఎత్తుకు ఖర్చుపెట్టి లావులో కోత పెట్టుకుంటుంది. రైతు తల ఎత్తి చూస్తాడు, ఎత్తు బాగానే ఉంటుంది. నష్టం నడుము దగ్గర జరుగుతుంది. మిల్లుకు మీరు అమ్మేది టన్నుల లెక్కన. కర్ర బరువు లావుకు వర్గంలో పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల లావు (చుట్టుకొలత కాదు, వ్యాసం) రావలసిన మాను 11 దగ్గర ఆగిపోతే, ఎత్తు ఏమాత్రం తగ్గకపోయినా, కర్ర దాదాపు 16 శాతం పోయినట్లే. ఒక్క సెంటీమీటరు తేడాను కంటితో ఎవరూ పట్టలేరు.

నా మాట కూడా గుడ్డిగా నమ్మనక్కరలేదు. మీ తోటలో రెండు వరుసలు ఎంచుకోండి. గట్టు పక్కవి వద్దు, వాటికి ఎండ ఎక్కువ. ఒక వరుసలో పచ్చని భాగంలో కింది మూడో వంతు తీయించండి, రెండో వరుసను ముట్టుకోకండి. రెండిటిలోనూ ఇరవయ్యేసి చెట్లకు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో పెయింటు గీత పెట్టి, దర్జీ టేపుతో చుట్టుకొలత తీసి రాసుకోండి. మూడు నెలలకు ఒకసారి అదే గీత మీద కొలవండి. అటవీ శాఖ వాళ్లు ఛాతీ ఎత్తు అనేది ఆ 1.37 మీటర్లనే. రెండో ఏడాది చివరికి ఆ పుస్తకం మీకు చెప్పేది ఏ సలహాదారూ చెప్పలేడు.

ఇంకో సంగతి. టాస్మానియా నైటెన్స్ వేరు, మన జామాయిల్ వేరు. మన దగ్గర నాటే క్లోన్లు, అంటే భద్రాచలం క్లోన్లని పేరుపడి రైతులు 413, 526 అని నంబర్లతో పిలిచేవి, ఎక్కువగా టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ జాతులకు, వాటి సంకరాలకు చెందినవి. దగ్గర దగ్గరగా నాటితే వీటి అడుగు కొమ్మలు నీడకు ఎండి వాటంతటవే రాలిపోతాయి. మీ దూరంలో ఎకరానికి దాదాపు 900 మొక్కలు ఉంటాయి. అంత ఒత్తుగా ఉన్న తోట తన కొమ్మలను తానే కత్తిరించుకుంటుంది. నైటెన్స్ ఎండిన కొమ్మను ఏళ్ల తరబడి పట్టుకుని ఉంటుంది, అందుకే అక్కడివాళ్లు రంపం పట్టక తప్పలేదు.

పైగా మీ 14 నెలల తోటలో ఇప్పుడిప్పుడే పందిరి కడుతోంది. ఆ పందిరి మీకు కూలి లేని కలుపు మందు. కొమ్మలు కొట్టి నేల మీదికి ఎండను దింపితే గడ్డి లేస్తుంది. వానకు లేచిన గడ్డి మార్చికి ఎండుతుంది. ఎండిన గడ్డి, దాని మీద నూనె నిండిన జామాయిల్ ఆకు, దారిన పోయేవాడు పారేసిన బీడీ ముక్క. తోటలు తగలబడేది ఇలాగే. మితిమీరి కొమ్మలు తీస్తే మరో ఇబ్బంది ఉంది. బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు ఎండ తగిలి మేల్కొంటాయి, మాను పొడవునా పిలకలు లేస్తాయి. ఆకు తొడిమల మీదా ఈనెల మీదా బుడిపెలు పుట్టించే కందిరీగ జాతి పురుగుకు అలాంటి లేత చిగురంటే ప్రాణం. 2000 దశకంలో ఆ పురుగు మన తోటలను ఎంత పీడించిందో పాత రైతులకు గుర్తుండే ఉంటుంది.

మీ తోటలో కత్తి పట్టవలసిన పనులు రెండే. నాటిన ఆరు నెలల లోపు ఏ మొక్కకైనా రెండు తలలు పోటీగా లేస్తే నిటారుగా ఉన్నది ఉంచి రెండోదాన్ని తీసేయాలి. అది మీరు ఇప్పటికే చేసి ఉండకపోతే, చిటికెన వేలంత ఉన్నవాటిని ఇప్పుడైనా తీయవచ్చు. అంతకు మించి లావైన జంట తలలను వదిలేయండి, కాగితం గుజ్జుకు వంకరతో పెద్ద పని లేదు. రెండోది, పందిరి పూర్తిగా కట్టాక మనిషి నడిచేందుకు, నిప్పు అందుకోకుండా ఉండేందుకు నడుము ఎత్తు వరకు ఎండిన కొమ్మలు విరిచేయడం. అవి కర్రతో తడితేనే రాలిపోతాయి. అంతకు మించి కూలి పెట్టేంత డబ్బు ఉంటే దాన్ని మొదటి రెండేళ్ల కలుపు తీతకు, వరుసల మధ్య దున్నడానికి పెట్టండి. చెట్టు కృతజ్ఞత చూపించేది దానికి.

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. కాగితం మిల్లుకు కాకుండా 15 ఏళ్ల పాటు పెంచి, తలుపులకు, బల్లలకు పనికొచ్చే కోత కలపగా అమ్మాలని మా ఆయన, నేను ఎకరంన్నరలో జామాయిల్ వేశాం. మొక్కల మధ్య 3 మీటర్లు, వరుసల మధ్య 4 మీటర్లు వదిలాం. రెండో ఏడు నడుస్తోంది, అడుగు కొమ్మలు బొటనవేలంత ఉన్నాయి. కొమ్మలు తీస్తే మంచి కలప వస్తుందంటున్నారు. నిజమేనా? జామాయిల్ చెక్క పగులుతుందంటారు, కొమ్మలు తీస్తే ఆ పగుళ్లు పోతాయా?

జవాబు: అమ్మా, మీకు మాత్రం కొమ్మలు తీయమనే చెబుతాను. అదీ ఆలస్యం చేయకుండా తీయమంటాను. మొదటి జవాబుకు ఇది పూర్తిగా వ్యతిరేకంగా కనిపిస్తుంది. కానీ రెండిటికీ ఆధారం ఒకటే లెక్క.

కొమ్మ ఉన్నచోట మానులో ముడి పడుతుంది. కొమ్మ తీసి గాయం మూసుకున్నాక, దాని మీద ఏటేటా పెరిగే కర్ర ముడి లేని శుభ్రమైన కర్ర. అంటే కొమ్మ తీసే రోజుకు మాను ఎంత లావుందో, అంత వరకు లోపల ముడుల గుంజు ఉండిపోతుంది. దాని బయట పెరిగిందే మీకు లాభం. కాగితం తోటలో మాను 10 సెంటీమీటర్లు ఉన్నప్పుడు కొమ్మలు తీసి 13 సెంటీమీటర్ల దగ్గర నరికితే, శుభ్రమైన కర్ర అంటూ ఉండేది చుట్టూ సెంటీమీటరున్నర పొర. గుజ్జు యంత్రానికి ముడి ఉన్నా లేనట్టే కాబట్టి ఆ పొరకు ఎవరూ ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు. మీరు అదే 10 సెంటీమీటర్ల దగ్గర తీసి, 40 సెంటీమీటర్లు అయ్యాక నరికారనుకోండి. గాయం మూసుకోవడానికి పోయే మందం కలిపి ముడుల గుంజు 15 సెంటీమీటర్లు అనుకున్నా, దుంగ అడ్డకోతలో 85 శాతానికి పైగా ముడి లేని చెక్క ఉంటుంది. ఈ లెక్క కుదరాలంటే చెట్టును చాలా ఏళ్లు ఉంచాలి, మొదట్లోనే కొమ్మలు తీయాలి. మాను 20 సెంటీమీటర్లు అయ్యాక నిచ్చెన వేసుకుని చేసేది వృథా ప్రయాస.

అన్ని చెట్లకూ తీయించకండి. మీ దూరంలో ఎకరానికి దాదాపు 335 మొక్కలు ఉంటాయి. 15 ఏళ్లకు అన్నీ 40 సెంటీమీటర్ల లావు కావడానికి నేలలో నీరూ చోటూ చాలవు. టాస్మానియాలో హెక్టారుకు సుమారు 300 చెట్లకే కొమ్మలు తీస్తారు, అంటే మన లెక్కలో ఎకరానికి 120. తోటంతా తిరిగి, నిటారుగా, ఏపుగా, ఒకే తలతో ఉన్నవాటిని, తోటంతటా సమంగా పరచుకుని ఉండేలా ఎంచుకోండి. వాటికి సున్నం పట్టీ వేయండి. కొమ్మలు తీసేది వాటికే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీరు ఎంచుకున్న చెట్టు ఆకు తగ్గి కొన్నాళ్లు నెమ్మదిస్తుంది. దాని పక్కన కొమ్మలు తీయని చెట్టు నిండు ఆకుతో ఉంటుంది. అది పైకి లేచి మీ చెట్టును నీడలోకి తోస్తుంది. డబ్బు పెట్టి బాగుచేసిన చెట్టే వెనకబడిపోతుంది. అందుకే కొమ్మలు తీసిన చెట్టును నొక్కుతున్న పక్క చెట్టును ఏడాది, రెండేళ్లలో తీసేయాలి. ఆ తీసిన కర్రను సెంట్రింగ్ బాదుల కింద అమ్ముకోవచ్చు. తోట పలచన చేయకుండా కొమ్మలు మాత్రం తీయించే పనైతే అసలు మొదలుపెట్టకండి. లావు ఇచ్చేది పలచన, శుభ్రం ఇచ్చేది కొమ్మ తీత. రెండూ కలిస్తేనే మీరు కోరుకున్న దుంగ.

ఎంత ఎత్తు వరకు తీయాలంటే, ఒక్కసారిగా కాదు. టాస్మానియాలో 6.4 మీటర్ల శుభ్రమైన మాను కోసం మూడు విడతలుగా వెళతారు, మొదట 2.7 మీటర్ల వరకు, తర్వాత 4.5, చివరికి 6.4. ప్రతి విడతలోనూ పచ్చని భాగంలో సగానికి పైగా తీయరు. మన ఎండలకు, మన నీటి ఎద్దడికి నేనైతే మూడో వంతు దగ్గరే ఆగుతాను. మీకు రెండు విడతల్లో 4.5 మీటర్లు శుభ్రంగా వచ్చినా చాలు, తలుపు చెక్కకు అంతకు మించి పొడవు అక్కరలేదు.

ఇక కోత గురించి. దీన్ని కూలీలకు మీరే దగ్గరుండి చూపించాలి. కొమ్మ మానులో కలిసేచోట అడుగున చిన్న ఉబ్బు, పైన బెరడు ముడతపడిన గీత ఉంటాయి. ఆ ఉబ్బును కొమ్మ మెడ అనుకోండి. రంపం మెడకు ఆనుకుని బయటి వైపున దిగాలి. మెడను కోసేస్తే గాయం పెద్దదై మూసుకోవడానికి ఏళ్లు పడుతుంది, కుళ్లు లోపలికి దిగుతుంది. బెత్తెడు మొండి వదిలితే ఆ మొండి ఎండి మానులోనే ఉండిపోతుంది, దాని చుట్టూ జామాయిల్ ఎర్రటి బంక కారుస్తుంది, మంచి చెక్కలో ఆ బంక గీతలు పడతాయి. బరువైన కొమ్మకు ముందు కింది నుంచి కొంచెం కోసి, తర్వాత పైనుంచి కోయాలి, లేకపోతే విరిగిపడుతూ బెరడును చీల్చుకుని పోతుంది. గొడ్డలి, కత్తి ఈ పనికి పనికిరావు. వంపు తిరిగిన చేతి రంపమే తీసుకోండి. గాయానికి రంగు, తారు పూయనక్కరలేదు, చెట్టు తనకు తానే మూసుకుంటుంది.

పచ్చగా ఉన్న కొమ్మనే తీయాలి, అదీ మొదలు దగ్గర రెండు రెండున్నర సెంటీమీటర్లు మించకముందే. పచ్చి కొమ్మ గాయం త్వరగా మూసుకుంటుంది. ఎండిన కొమ్మ చుట్టూ అప్పటికే బెరడు ఎక్కుతూ ఉంటుంది, లోపలికి కుళ్లు దిగడానికి దారి పడి ఉంటుంది. మీ కొమ్మలు బొటనవేలంత ఉన్నాయన్నారు, అందుకే ఆలస్యం వద్దన్నాను. జోరు వానల్లో చేయకండి. నేనైతే డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో చేయిస్తాను, గాలి పొడిగా ఉంటుంది, నేలలో ఇంకా తేమ ఉంటుంది.

పగుళ్ల సంగతి విడిగా చెప్పాలి. జామాయిల్ దుంగ నరికిన వెంటనే చివర్లు నక్షత్రంలా చీలడానికి కారణం మాను పెరిగేటప్పుడు లోపల చేరుకున్న బిగువు. బయటి పొరలు లాగుతూ ఉంటాయి, నడిమి భాగం నొక్కుకుని ఉంటుంది. అడ్డంగా కోయగానే ఆ బిగువు విడిపోయి చెక్క చీలుతుంది. కొమ్మలు తీసినంత మాత్రాన అది పోదు. దుంగ లావుగా ఉంటే దాని బెడద కొంత తగ్గుతుంది. నరికిన రోజునే చివర్లకు మైనం లాంటిది పూయడం, పలకలుగా కోసి నీడలో బరువు పెట్టి నెమ్మదిగా ఆరబెట్టడం, ఇవి మిల్లు దగ్గర పడవలసిన జాగ్రత్తలు. కొమ్మలు తీస్తే పగలదని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

ఒక్క పని మాత్రం రంపం కొనకముందే చేయండి. మీ దగ్గరలోని కోత మిల్లుకు వెళ్లి, ముడి లేని జామాయిల్ దుంగకు ముడులున్నదానికంటే ఎంత ఎక్కువ ఇస్తారని అడగండి. 'జామాయిల్ అంతా ఒకటే రేటు' అని జవాబు వస్తే, మీరు పెట్టే కూలి తిరిగి రాదు. అప్పుడు పలచన ఒక్కటే చేసుకోండి. ఎక్కువ ఇస్తామంటే ఏ చెట్టుకు ఏ నెలలో ఎంత లావున్నప్పుడు కొమ్మలు తీశారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. దుంగ లోపల ఏముందో కొనేవాడికి కనిపించదు, మీ పుస్తకమే కనిపిస్తుంది.

ప్రశ్న: కనిగిరి ప్రాంతం నుంచి రాస్తున్నాను. మొక్క తోట, అంటే మొక్కలు నాటి పెంచిన మొదటి తోట, నరికి అమ్మేశాక మోళ్ల నుంచి పిలకలు లేచాయి. ఒక్కో మోడుకు పది పన్నెండు ఉన్నాయి, మోకాలు దాటి నడుము దాకా వచ్చాయి. ఎన్ని ఉంచాలి, ఎప్పుడు తీయాలి? కొందరు అన్నీ ఉంచితే కర్ర ఎక్కువ వస్తుందంటున్నారు.

జవాబు: కాగితం కర్ర పెంచే రైతు చేతిలో కత్తికి అసలు పని ఇక్కడే. కొమ్మల మీద పెట్టే శ్రద్ధంతా పిలకల మీద పెడితే బాగుండునని నేను ఎప్పుడూ చెబుతుంటాను. అన్నీ ఉంచితే పన్నెండు సన్నపు కర్రలు వస్తాయి. వాటిలో సగం బెరడు, సగం చిదుగు. మిల్లుకు పనికొచ్చే లావు రాదు, కొట్టే కూలి, బెరడు తీసే కూలి మాత్రం రెట్టింపవుతాయి.

కానీ ఇప్పుడే తీయకండి. నడుము ఎత్తు పిలకలను తీస్తే మోడు మళ్లీ చిగురిస్తుంది, ఆరు నెలల్లో అదే పని మళ్లీ చేయాలి. ఇంకో ముఖ్యమైన కారణం కూడా ఉంది. మోడు కింద నాలుగేళ్ల చెట్టు వేళ్లు ఉన్నాయి. అంత వేరు బతకాలంటే ఆకు కావాలి. మొదటి నెలల్లో ఆ పది పన్నెండు పిలకల ఆకే వేరును పోషిస్తోంది. అందుకే రెండు విడతలుగా వెళ్లండి. పిలకలు 3 నుంచి 4 మీటర్ల ఎత్తుకు వచ్చాక మోడుకు రెండు మూడు ఉంచి మిగతావి తీయండి. అవి 7 నుంచి 8 మీటర్లు అయ్యాక మొక్క తోటలో ఎన్ని చెట్లు ఉండేవో దాదాపు అన్ని మానులు మిగిలేలా రెండోసారి తీయండి. దక్షిణాఫ్రికా తోటల్లో ఈ పద్ధతే పాటిస్తారు. రెండోసారి తీసేవి బాదులుగా అమ్ముడుపోయేంత లావు ఉంటాయి కాబట్టి ఆ కూలి వాటి మీదే వచ్చేస్తుంది. కూలీలు దొరకక ఒక్కసారే చేయవలసి వస్తే మోడుకు రెండు ఉంచండి. పక్క మోడు చచ్చిపోయి ఖాళీ ఉన్నచోట మూడు ఉంచండి.

ఏది ఉంచాలో కూలీలకు వదిలేయకండి. ఎత్తుగా ఉన్నదాన్ని ఉంచడం మనిషి స్వభావం. మీరు వంగి మొదలు చూడండి. మోడు పైఅంచున, బెరడు వదులైనచోట పుట్టిన పిలక ఎంత ఏపుగా ఉన్నా గాలికి చీలి పడిపోతుంది. నేలకు దగ్గరగా, మోడు పక్కన గట్టిగా అతుక్కుని పుట్టినదే నిలుస్తుంది. మీ వైపు గాలి ఏ దిక్కు నుంచి బలంగా వీస్తుందో ఆ దిక్కున ఉన్న పిలకకు మొదటి స్థానం ఇవ్వండి, గాలి దాన్ని మోడు మీదికే నొక్కుతుంది తప్ప మోడు నుంచి ఊడదీయదు. రెండు ఉంచేటప్పుడు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా చూసుకోండి. మోటుగా లాగి పీకవద్దు, మోడు బెరడు వెంట వచ్చేస్తుంది. పదునైన కత్తితో మొదలంటా కోయాలి.

తీసిన పిలకలను తోట బయటికి మోయించకండి, తగలబెట్టకండి. నత్రజని, భాస్వరం ఎక్కువ ఉండేది ఆకులోనే. వరుసల మధ్య పరిచేయండి, మోడు మీద మాత్రం కుప్ప వేయవద్దు. ఈసారి కర్ర నరికినప్పుడు బెరడు కూడా పొలంలోనే తీయించండి. జామాయిల్ బెరడులో సున్నపు ధాతువు (కాల్షియం) బాగా ఉంటుంది. బెరడుతో సహా లారీ ఎక్కిస్తే అది మీ నేల నుంచి పోయినట్లే. నరికేటప్పుడు మోడు నేల మీద జానెడుకు మించకుండా, పైభాగం వాలుగా, బెరడు చిరగకుండా ఉండాలి. మోడు పైన నీరు నిలిచినా, బెరడు చిరిగినా వచ్చే కోతలో పిలక బలంగా రాదు.

ప్రశ్న: మా మిర్చి చేను పక్కన గట్టు మీద పొరుగువాళ్ల జామాయిల్ చెట్లు వరుసగా ఉన్నాయి. మా వైపు ఆరేడు సాళ్లు ఏటా గిడసబారిపోతున్నాయి. మా వైపు కొమ్మలన్నీ కొట్టించడానికి వాళ్లు ఒప్పుకున్నారు. దానితో సమస్య తీరుతుందా?

జవాబు: పూర్తిగా తీరదు. పొరుగువాళ్లు మంచి మనసుతో ఒప్పుకున్నారు కాబట్టి ఆ మంచిని సరైన పనికి వాడుకోండి. మీ మిర్చిని దెబ్బతీస్తున్నది ఎక్కువగా నేల కింద జరిగే నీటి పోటీ. వేర్లు గట్టు దాటి మీ సాళ్లలోకి వచ్చి తడిని తాగేస్తున్నాయి. కొమ్మ కొడితే వేరు వెనక్కి పోదు. గట్టు తూర్పు పడమరలుగా ఉండి, మీ చేను దానికి ఉత్తరాన ఉంటే మాత్రం నీడ సంగతి కూడా చూడాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా పోతాడు కాబట్టి ఆ నీడ రోజంతా మీ చేలోనే పడుతుంది. అలాంటప్పుడు పచ్చని భాగంలో కింది మూడో వంతు వరకు, చుట్టూ సమంగా తీయించండి. ఒక్క మీ వైపే తీస్తే బరువంతా ఇంకో పక్కకు వాలి చెట్టు గాలికి లోకువవుతుంది, మాను కూడా వంకర తిరుగుతుంది.

వేర్ల కోసం మీ చేను అంచున, చెట్ల మొదళ్ల నుంచి ఆరు అడుగుల దూరంలో, అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల లోతున కందకం తీయించండి. అంతకంటే దగ్గరగా తీస్తే చెట్టు పట్టు తప్పి తుపాను గాలికి మీ చేలోనే పడుతుంది. కందకంలో తెగిన వేళ్లు కనిపిస్తాయి, పదునుగా కోయించండి. వేర్లు మళ్లీ అల్లుకుంటాయి కాబట్టి రెండేళ్లకు ఒకసారి, మిర్చి నారు నాటే ముందు, ఆ కందకాన్ని తిరిగి శుభ్రం చేయించాలి. కందకం కూలిలో సగం పొరుగువాళ్లను అడగండి, కొమ్మలు కొట్టించడానికి ఒప్పుకున్నవాళ్లు దీనికీ ఒప్పుకుంటారు.